బంతి సాలు పురుగును తరుముతుందా, పిలుస్తుందా?

టమాటా తోటలో అక్కడక్కడ ఒక సాలు బంతి వేసే రైతులు ఈనాడు మన జిల్లాలలో ఉన్నారు. "ఈ పూల సాలు ఎందుకు వేశావయ్యా?" అని అడిగితే, "బంతి ఘాటుకు పురుగు దగ్గరికి రాదండీ" అనే జవాబు తరచు వినబడుతుంది. పాఠశాల తోటలలో పిల్లలకు మనం చెప్పేదీ ఇదే. నేను కూడా కొన్నేళ్ళపాటు తరగతిలో ఇదే చెప్పాను. ఒకనాడు నా విద్యార్థి ఒకడు తమ తోటనుంచి ఒక బంతిపూవు తెచ్చి, బల్లమీద పెట్టి, రేకులు విడదీసి చూపాడు. లోపల పచ్చని పురుగు ఒకటి తీరికగా పూవును తింటూ కూర్చున్నది. అది టమాటా కాయను తొలిచే శనగపచ్చ పురుగే. "దీనికి బంతి వాసన పడదన్నారు గదండీ మాష్టారూ?" అన్నాడు. ఆ పూట నావద్ద సమాధానం లేదు. తర్వాత వెతికితే, ఆ చిన్న ప్రశ్న వెనుక నూరేళ్ళకు పైబడిన పరిశోధన చరిత్ర ఉన్నదని తెలిసింది.

ఈ ప్రశ్న పండితుల కాలక్షేపం కాదు. బంతి పురుగును తరిమే మొక్క అయితే, రైతు దానిని నాటి ఊరుకోవచ్చు. పిలిచే మొక్క అయితే, పిలిచిన పురుగును అక్కడే నాశనం చేయాలి. అలా చేయకపోతే ఆ బంతి సాలే పురుగులకు పురిటిగది అవుతుంది. అక్కడ తిని పెరిగినవి రెక్కలు వచ్చి టమాటా మీదికే వస్తాయి. అనగా తోడుమొక్క పనిచేసే తీరును తప్పుగా అర్థం చేసుకొన్న రైతు, మేలు చేయవలసిన పద్ధతితోనే కీడు తెచ్చుకొంటాడు.

పురుగు తన మొక్కను ఎట్లా గుర్తుపడుతుంది? మొదట తేలవలసినది ఇది. దీనికి తొలి ఆధారం చూపినవారు హాలెండు వృక్షశాస్త్రజ్ఞుడు వెర్షాఫెల్ట్. క్యాబేజీ, ముల్లంగి, ఆవ మొదలైన మొక్కలన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వాటన్నిటిలోను ఆవాల ఘాటుకు మూలమైన గంధకపు పదార్థాలున్నాయి. అందులో ఒకటి సినిగ్రిన్. క్యాబేజీ తినే గొంగళి పురుగులు మామూలుగా ముట్టని వేరే మొక్కల ఆకులకు ఈ జాతి మొక్కల రసాన్ని, సినిగ్రిన్‌ను పూసి, 1910లో ఆయన వాటి ముందు పెట్టాడు. పురుగులు తిన్నాయి! 1953లో కెనడాలో థార్‌స్టీన్‌సన్ మరొక క్యాబేజీ పురుగు విషయంలోనూ ఇటువంటి ఫలితమే చూపాడు. ఆ పురుగును గురించి ముందు చాలా చెప్పవలసి ఉన్నది. మొక్క తన రక్షణకు తయారుచేసుకొన్న ఘాటు చాలా కీటకాలను దూరంగా ఉంచుతున్న మాట నిజమే. కాని దానికి అలవాటుపడిన కొద్దిపాటి కీటకాలకు అదే ఘాటు విస్తరి వేసినట్టు కబురు చెబుతోంది. ఘాటు అంటే తరిమేదే అన్న మన నమ్మకానికి ఇక్కడే మొదటి బీట పడింది.

అయినా ఆ నమ్మకం చావలేదు. దానికి ఒక పుస్తకం కూడా తోడైంది. 1966లో అమెరికాలో హెలెన్ ఫిల్‌బ్రిక్, రిచర్డ్ గ్రెగ్ అనే ఇద్దరు 'కంపానియన్ ప్లాంట్స్' అనే పుస్తకాన్ని ప్రకటించారు. ఏ మొక్కకు ఏ మొక్క మిత్రం, ఏది శత్రువు అని చెప్పే జాబితా అది. ఈనాడు తోటపని పుస్తకాలలో కనబడే 'స్నేహితుల జాబితాలు' అనేకం ఈ వంశానివే.

ఈ గ్రెగ్ మనకు పరాయివాడు కాడు. అమెరికాలో న్యాయవాదిగా ఉండి, 1925లో మనదేశం వచ్చి, సబర్మతీ ఆశ్రమంలో గాంధీగారి వద్ద ఉన్నవాడు. ఖద్దరు అర్థశాస్త్రం మీద, అహింసాశక్తి మీద గ్రంథాలు వ్రాశాడు. సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో స్టోక్స్‌గారి పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పాడు. ఆ అనుభవంతో మన పల్లెటూరి ఉపాధ్యాయులకోసం, ఖరీదైన పరికరాలు లేకుండా విజ్ఞానశాస్త్రం బోధించడానికి పనికివచ్చే పుస్తకం ఒకటి వ్రాయగా, 1928లో అహమ్మదాబాదు నవజీవన్ వారు దానిని అచ్చువేశారు. చూడటం, కొలవడం, పోల్చడం నేర్పిన ఉపాధ్యాయుని చేతిమీదుగా వెలువడిన తోడుమొక్కల జాబితాలో కొలత కనబడడం అరుదు. తోడు ఉన్న మడిలో పురుగులెన్ని, లేని మడిలో ఎన్ని అనే లెక్క లేదు. గ్రెగ్ అభిమానించిన తోటమాలుల వర్గంలో ఫైఫర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఒకటి ప్రచారంలో ఉండేది. మొక్కల రసాలను రాగి క్లోరైడు ద్రావణంలో కలిపి, ఆరిన తర్వాత ఏర్పడే స్ఫటికాల ఆకారాన్ని బట్టి మొక్కల మధ్య పొందికను నిర్ణయించడం ఆ పద్ధతి. గాజుపలక మీది స్ఫటికాన్ని చూసి పొలంలో పురుగు ఏం చేస్తుందో చెప్పగలమా? గ్రెగ్ మీద నాకు గౌరవమున్నది గాని, ఈ విషయంలో ఆయన తన పాత పాఠాన్ని తానే మరచినట్టు తోస్తుంది.

ఇదే కాలంలో వ్యవసాయదారుల చూపు ఇటు లేదు. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత డిడిటి వచ్చింది. ఒక్క పిచికారీతో పురుగు పోతూంటే బంతి ఎవరికి కావాలి, ఆవ ఎవరికి కావాలి? ఆ ధీమాను మొట్టమొదట దెబ్బతీసిన పంటపురుగులలో క్యాబేజీ మీది వజ్రపు రెక్కల పురుగు ఒకటి. ఇది అర అంగుళం కూడా ఉండని బూడిదరంగు రెక్కల పురుగు. రెక్కలు ముడిచి కూర్చుంటే వీపు మీద వజ్రాకారపు మచ్చల వరుస కనబడుతుంది. దీని పిల్ల పురుగు ఆకు అడుగున చేరి గోకి తింటుంది. పైపొర మాత్రం మిగలడంవల్ల ఆకుకు చిన్నచిన్న అద్దపు కిటికీలు పెట్టినట్టు ఉంటుంది. ముట్టుకొంటే దారం వదిలి వ్రేలాడుతుంది. వెచ్చని ప్రాంతాలలో రెండు మూడు వారాలకు ఒక తరం ముగుస్తుంది. తరాలు ఎంత త్వరగా మారితే, మందుకు తట్టుకొనే సంతానం అంత త్వరగా పోగవుతుంది.

1953లో జావా ద్వీపంలోని లెంబాంగ్ క్యాబేజీ తోటలలో డిడిటి దీని మీద పనిచేయడం లేదని తేలింది. మనదేశంలో 1968లో వర్మ, సంధూ అనే శాస్త్రజ్ఞులు పంజాబు తోటలలో డిడిటి, పారాథియాన్ రెండూ విఫలమవుతున్నట్టు ప్రకటించారు. తర్వాత వచ్చిన మందులకూ ఇదే గతి పట్టింది. బిటి అని మనం పిలిచే బాక్టీరియా మందుకు సైతం ఇది తట్టుకొంటున్నదని 1990లో హవాయీ నుంచి వార్త వచ్చింది. మందు పెంచినకొద్దీ ఖర్చు పెరిగింది, పురుగు తగ్గలేదు, పురుగును తినే కందిరీగ జాతులు మాత్రం చచ్చాయి. క్యాబేజీ వేసే రైతు నిజంగా ఇరుకున పడ్డాడు. శాస్త్రజ్ఞులు తోడుమొక్కల వైపు తిరిగి చూడడానికి ఈ ఇరుకే ముఖ్యకారణం.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ రూట్ మూడు పంటకాలాలపాటు ఒక ప్రయోగం చేశాడు. గడ్డకట్టని క్యాబేజీ జాతి ఆకుకూరను ఒకచోట చిక్కగా, అదొక్కటే పెంచాడు. మరొకచోట దానినే ఒంటరి సాలుగా, పచ్చికబీడు మొక్కల మధ్య పెంచాడు. చిక్కటి మడిలోని ఆకుల మీద పురుగుల భారం ఎక్కువగా ఉన్నది. బీడు మధ్య సాలులో పురుగును తినే సాలీళ్ళు మొదలైనవి ఎక్కువై ఉంటాయనుకొంటే, ఆ తేడాకు చాలినంత ఎక్కువ కనబడలేదు. కావలసిన ఆహారం ఒకేచోట రాశిగా ఉంటే పురుగు సులభంగా కనుక్కొంటుంది, అక్కడే ఉండిపోతుంది అని రూట్ 1973లో వ్రాశాడు. అంతకు ఒక ఏడాది ముందే ఆయనా, ఫిన్లండువాడైన తాహ్వానయినెన్ కలిసి, టమాటా, పొగాకు పక్కన ఉన్నప్పుడు ఆ ఆకుకూర మీద ఒక చిన్న ఎగిరే పెంకుపురుగు తగ్గుతున్నదని చూపారు. టమాటా వాసన ఆ పెంకుపురుగు తిండిని చెడగొడుతున్నదని ప్రయోగశాలలో కూడా తేల్చారు. అనగా వాసన కథ పూర్తిగా కట్టుకథ కాదన్నమాట.

ఇటువంటి ప్రయోగాలు లోకమంతటా జరిగాయి. 1991లో ఆండో అనే శాస్త్రజ్ఞుడు 209 పరిశోధనలను కూర్చి లెక్కవేశాడు. వాటిలో 287 జాతుల కీటకాలున్నాయి. మిశ్రమ పంటలో 149 జాతులు తగ్గాయి, 44 జాతులు పెరిగాయి. మిగతావి ఎటూ తేలలేదు. సగానికి కొంచెం పైగా మేలు, ఏడింట ఒకవంతు కీడు! 'కలిపి వేస్తే చాలు' అనేవారు ఆ నలభైనాలుగింటిని జ్ఞాపకం పెట్టుకోవాలి.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్న ముచ్చటగా తోచినది ఇంగ్లండులోని వెల్స్‌బోర్న్ ఉద్యాన పరిశోధనా సంస్థలో జరిగిన పని. అక్కడి క్యాబేజీకి పెద్ద పీడ ఒక ఈగ. అది మొక్క మొదట నేలలో గుడ్లు పెడుతుంది, వాటినుంచి వచ్చిన పురుగులు వేళ్ళను తింటాయి. క్యాబేజీ చుట్టూ క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్క పెంచితే ఈగ గుడ్లు బాగా తగ్గుతున్నవి. ఎందువల్ల? క్లోవర్ వాసనవల్లనా? స్టాన్ ఫించ్, రోజ్‌మేరీ కోలియర్, వారి సహచరులు దీనిని పరీక్షించిన తీరు ఎంత సులభమో చూడండి. క్లోవర్ బదులు క్యాబేజీ చుట్టూ ఆకుపచ్చ అట్టముక్కలు పెట్టారు. అట్టకు క్లోవర్ వాసన లేదు, రుచి లేదు, రసం లేదు. ఉన్నదల్లా రంగూ, ఆకారమూను. అయినా ఈగలు సజీవమైన క్లోవర్ మధ్య తికమకపడినంతగానూ వాటి మధ్య తికమకపడ్డాయి!

ఈగల నడవడిని జాగ్రత్తగా గమనించి వారు 2000లో ఒక వివరణ ఇచ్చారు. క్యాబేజీ వాసన ఈగకు 'ఇక్కడెక్కడో నీ మొక్క ఉన్నది, దిగు' అని మాత్రమే చెబుతుంది. ఎక్కడ దిగవలసినదీ చెప్పదు. దిగే చోటును కన్ను ఎంచుతుంది. ఈగ మట్టిరంగు నేలను వదిలి, ఆకుపచ్చగా ఏది కనబడితే దానిమీద దిగుతుంది. దిగిన తర్వాత కాళ్ళతో రుచి చూస్తుంది. సరైన ఆకు అయితే కొంచెం ఎగిరి మళ్ళీ దిగుతుంది, మళ్ళీ రుచి చూస్తుంది. ఇట్లా వరుసగా కొన్నిసార్లు సరైన ఆకే తగిలితేనే గుడ్లు పెట్టడానికి సిద్ధపడుతుంది. నడుమ క్లోవర్ ఆకు మీద దిగిందా, లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. కలుపులేని ఉత్త నేలలో క్యాబేజీ తప్ప పచ్చనిది మరేదీ లేదు గనుక, దిగిన ప్రతిసారీ సరైన ఆకే తగులుతుంది. వారి ప్రయోగాలలో ఉత్త నేలలోని క్యాబేజీ వద్ద నూటికి 36 ఈగలు గుడ్లు పెట్టగా, క్లోవర్ మధ్య నూటికి 7 మాత్రమే పెట్టాయి.

2003లో ఫించ్, కోలియర్ మరొక మెట్టు ఎక్కారు. తోట పుస్తకాలు పొగిడే సువాసన మొక్కలను, ఏ ప్రత్యేకమైన వాసనా లేని మామూలు మొక్కలను, కలుపు మొక్కలను సైతం క్యాబేజీ చుట్టూ పెట్టి పోల్చారు. సువాసన మొక్కలకు ప్రత్యేకమైన ఆధిక్యం కనబడలేదు. పచ్చని ఆకు తగినంత ఉండడమే ప్రధానమని తేలింది. జాబితాలు వ్రాసినవారి తోటలలో మేలు జరిగి ఉండవచ్చు. కారణం మాత్రం వారు చెప్పినది కాదు.

సోమరులైన తోటమాలులు ఇది చదివి సంతోషించనక్కరలేదు. క్లోవర్ ఈగను తికమకపెట్టడమే గాక, క్యాబేజీకి చెందవలసిన నీటిని, ఎరువును కూడా తాగుతుంది. దానితో గడ్డలు చిన్నవౌతాయి. పురుగు తగ్గి పంటకూడా తగ్గితే రైతుకు ఒరిగేదేమిటి?

ఇప్పుడు మన దేశానికి వద్దాం. బెంగుళూరు సమీపాన హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థలో కె. శ్రీనివాసన్, పి. ఎన్. కృష్ణమూర్తి వెల్స్‌బోర్న్‌వారికి పూర్తిగా భిన్నమైన దారి పట్టారు. ఇంగ్లండులో తోడుమొక్క పని పురుగును దారి తప్పించడం. ఇక్కడ దాని పని పురుగును రప్పించడం. ఇటువంటి మొక్కలకు 'ఎర పంట' అని పేరు. క్యాబేజీ కన్న ఆవ మొక్కే వజ్రపు రెక్కల పురుగుకు ఎక్కువ ప్రీతి. వెర్షాఫెల్ట్ చెప్పిన ఘాటు ఆవలో దండిగా ఉన్నది గదా! 1991లో వారు ప్రకటించిన పద్ధతి ఇది. ఇరవై అయిదు వరుసల క్యాబేజీకి ఒక జత ఆవ సాళ్ళు. ఆ జతలో మొదటి సాలును క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు విత్తాలి. రెండవ సాలును నాటిన 25 రోజులకు విత్తాలి. ఆవ త్వరగా ముదురుతుంది. ఒకటి ముదిరి పురుగుకు రుచించని వేళకు రెండవది లేతగా అందివస్తుంది. రెక్కల పురుగులు అత్యధికంగా ఆవ మీదనే గుడ్లు పెట్టాయి. ఆకులను గూడుగా అల్లే మరొక పురుగు కూడా అటే మళ్ళింది. మందు కొట్టవలసినది ప్రధానంగా ఆ రెండు సాళ్ళ మీదనే. క్యాబేజీ మీద అవసరమైనప్పుడు నూటికి నాలుగు పాళ్ళ వేపగింజల కషాయం చల్లడం తర్వాత ఈ పద్ధతిలో చేరింది. తోటంతా విషం చల్లనందువల్ల పురుగును తినే కందిరీగలకు క్యాబేజీలో బ్రతుకు దొరికింది.

నా విద్యార్థి బంతిపూవుకు సమాధానం కూడా హెసరఘట్టలోనే ఉన్నది. 1994లో అక్కడివారే టమాటా, బంతి ప్రయోగాన్ని ప్రకటించారు. పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి. వారు వాడినది పెద్దపూల 'ఆఫ్రికా బంతి'. పేరులో ఆఫ్రికా ఉన్నది గాని దీని పుట్టిల్లు మెక్సికో. 45 రోజుల బంతి నారును, 25 రోజుల టమాటా నారును ఒకేనాడు నాటాలన్నారు. ఈ ఇరవై రోజుల తేడాలోనే కిటుకంతా ఉన్నది. శనగపచ్చ పురుగు తల్లి పూతకు వచ్చిన మొక్కల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. టమాటా పూతకు వచ్చే వేళకు బంతికూడా మొగ్గతొడిగి ఉండాలి. బంతి ఆలస్యమైతే ఎర లేని గాలమే. కనుక బంతి పురుగును తరమడం లేదు, పిలుస్తున్నది. పూవులో పురుగు కనబడడం పద్ధతి విఫలమైందనడానికి గుర్తు కాదు, ఫలించిందనడానికి గుర్తు. ఐతే ఆ పూవును అక్కడే వదిలితే కష్టమే. హెసరఘట్ట ప్రయోగంలో పిచికారీ కూడా ఒక భాగం. ఆనాడు వారు వాడిన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేయించింది. పురుగు పట్టిన మొగ్గలను కోసి నాశనం చేయడానికి ఏ కోర్టు అడ్డూ లేదు.

మరి బంతి పురుగును తరుముతుందనే మాట ఎక్కడ పుట్టింది? బంతి వేళ్ళలో ఆల్ఫా-టెర్థైనైల్ అనే గంధకపు పదార్థం ఉన్నది. అది నేలలోని కొన్ని రకాల నులిపురుగులను చంపుతుందని 1958లో హాలెండు రసాయన శాస్త్రజ్ఞులు చూపారు. నేలలో వేళ్ళు చేసే ఈ మేలు, జనశ్రుతిలో నేలమీద పూవుకు అంటుకొన్నది కాబోలు.

ఎర పంట అనే ఊహ మన రైతులకు కొత్త కాదు. పొగాకు నారుమళ్ళ చుట్టూ, మిరప, పత్తి చేల గట్ల మీద ఆముదపు మొక్కలు వేయడం చూస్తూనే ఉన్నాం. పొగాకు లద్దెపురుగు తల్లి ఆముదపు ఆకు మీద వందలకొద్దీ గుడ్లను ఒకే కుప్పగా పెట్టి నూగుతో కప్పుతుంది. పిల్లలు గుంపుగా గోకి తినగా ఆకు జల్లెడలా కనబడుతుంది. ఆ జల్లెడాకును కోసి కాల్చివేస్తే ఒక్క చేతి కదలికతో వందల పురుగులు పోతాయి. కోయని ఆముదం మాత్రం పక్క చేనుకు పురుగును సరఫరా చేసే కొట్టు అవుతుంది.

హెసరఘట్ట ఆవ పద్ధతి అన్ని దేశాలలోను నెగ్గలేదు. అమెరికాలోని టెక్సాస్‌లో బెండర్, ఆయన సహచరులు క్యాబేజీ మధ్య ఆవ వేసి చూసి, గొంగళి పురుగులు ఆవను ప్రత్యేకంగా ఎంచుకోలేదని 1999లో వ్రాశారు. కొన్ని రకాల నల్లులు మాత్రం ఆవకు చేరాయట. వాతావరణం వేరు, ఆవ రకం వేరు, చుట్టూ ఉన్న మొక్కలు వేరు. కాబట్టి ఒకచోటి ఫలితాన్ని మరొకచోట మళ్ళీ పరీక్షించవలసిందే. న్యూయార్కు రాష్ట్రంలో షెల్టన్, ఆయన సహచరులు ఎరలోని చిక్కునే తీసివేయజూశారు. ఆవ కుటుంబానికే చెందిన పసుపుపూల కలుపు మొక్క ఒకటి అక్కడ ఉన్నది. వజ్రపు రెక్కల పురుగు తల్లి దాని మీద మక్కువతో గుడ్లు పెడుతుంది. పిల్లలు మాత్రం ఆ ఆకు తిని బ్రతకవు. ఆకులోని కుంకుడు నురుగువంటి సాపోనిన్ పదార్థాలు వాటికి విషం. పిలిచేదీ అదే, చంపేదీ అదే! రైతు మందు కొట్టడం మరచినా ఈ సాలు పురిటిగది కాదు. 2004లో ఈ పరిశోధన వెలువడినది.

చివరకు వాసన సంగతి. ఇంగ్లండులోనే న్యూకాసిల్ విశ్వవిద్యాలయంవారు 2019లో గాజు ఇళ్ళలోని టమాటా మీద తెల్లదోమను గురించి వ్రాశారు. చిన్నపూల 'ఫ్రెంచి బంతి' తోడుగా ఉన్నప్పుడు తెల్లదోమ తగ్గినది. దానికి కారణం ఆ బంతి వెలువరించే లిమొనీన్ అనే వాసన పదార్థం. నిమ్మ, నారింజ తొక్కల వాసనకు కూడా ఇదే మూలం. బంతిని తీసివేసి లిమొనీన్‌ను మాత్రం తోటలో ఉంచినా దోమ తగ్గినది. దోమ విపరీతంగా పెరిగిన తర్వాత బంతి తెచ్చి పెడితే మాత్రం అంత ఫలితం లేదు. అంటే తెల్లదోమ విషయంలో మన రైతు మాట నిజమే, శనగపచ్చ పురుగు విషయంలో కాదు. మొక్క మారితే, పురుగు మారితే జవాబు మారుతున్నది.

ఉపాధ్యాయులు ఈ శీతకాలంలో పాఠశాల తోటలోనే ఒక పరీక్ష చేయించవచ్చు. సమానమైన మూడు చిన్న మళ్ళలో క్యాబేజీ నాటించండి. ఒక మడిలో నేలను ఉత్తగా ఉంచండి. రెండవదానిలో మొక్కల నడుమ ఆకుపచ్చ అట్టముక్కలు పుల్లలకు గుచ్చి నిలపండి. మూడవదాని అంచున పదిహేను రోజుల ముందే ఒక సాలు ఆవాలు చల్లించండి. మూడు మళ్ళూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి. వారానికి రెండుసార్లు, మడికి పదేసి మొక్కల చొప్పున, ఆకు రెండు వైపులా గుడ్లు, పురుగులు విద్యార్థుల చేత లెక్కపెట్టించండి. ఆవ ఆకులను విడిగా లెక్కించాలి. వజ్రపు రెక్కల పురుగు గుడ్డు అర మిల్లీమీటరు పొడవున పసుపుగా ఉంటుంది. ఆకు ఈనెల వెంబడి ఒక్కొక్కటిగానో, రెండు మూడు కలిసో కనబడుతుంది. చూడడానికి భూతద్దం ఒకటి కావాలి, వ్రాసుకోవడానికి గళ్ళ నోటుపుస్తకం ఒకటి.